అతుకు కనబడని బండి

“ఈ బండి వద్దురా,” అన్నాడు మేస్త్రి, కారు కింద నుంచి చెయ్యి బయటికి తీస్తూ.

మేనల్లుడి పెన్ను ఆగిపోయింది. ఎర్రటి స్పోర్ట్స్ కారు బానెట్ మీదే అమ్మకం కాగితాలు పరుచుకుని రెండు సంతకాలు పెట్టేశాడు. మూడోదానికి వంగి ఉన్నాడు.

“ఎందుకు మామయ్యా?”

“వద్దంటున్నాను కదా. వద్దు.”

కారు అమ్మే మనిషి తన గ్యారేజీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నిద్ర చాలని కళ్లు. “కారణం చెప్పండి మేస్త్రీ గారూ. మెకానిక్‌ని తెచ్చుకోండి, తనివితీరా చూసుకోండి అని ఫోన్లోనే చెప్పాను. దాపరికం ఉంటే అలా అంటానా?”

“ఇది యాక్సిడెంటు బండి.”

“గీత కూడా పడని బండి. ఇదిగో ఇక్కడ దెబ్బ అని వేలు పెట్టి చూపించండి, ఊరికే ఇచ్చేస్తాను.”

సొట్టలు తీసి రంగులేసే పనిలో మేస్త్రి చేతికి తిరుగులేదని పేరు. ఇందాక జేబులోంచి అయస్కాంతం తీసి అరగంట సేపు కారు ఒళ్లంతా తిప్పాడు. పుట్టీ పూసిన చోట అయస్కాంతం పట్టదు. ఇక్కడ ప్రతిచోటా టక్కున పట్టింది. రంగంతా ఒకే ఛాయ. వెధవకి మంచి బండే దొరికిందని సంబరపడుతూ, ఆఖర్న తలుపు కింది అంచులోకి వేళ్లు పోనిచ్చాడు. వేలికి చిన్న చుక్క తగిలింది. జానెడు దూరంలో ఇంకొకటి. మరో జానెడు దూరంలో ఇంకొకటి.

వెల్డింగు ముగిస్తూ చివర బొట్టు పెట్టినట్టు ఓ చుక్క వదిలే అలవాటు ఈ ఊళ్లో ఒకే ఒక్కడికి ఉంది. ఆ ఒక్కడే ఇప్పుడు ఈ కారు కింద నుంచి చెయ్యి తీసుకున్నాడు.

ఇది ఒక బండి కాదు, రెండు. ఒకదాని ముందు సగం, ఇంకోదాని వెనక సగం కోసి, కలిపి, అతుకు ఆనవాలు లేకుండా చదును చేసింది అతనే. వీధుల్లో మెల్లగా తిరిగితే ఏమీ కాదు. మేనల్లుడు మెల్లగా తిరిగే రకమా? హైవే ఎక్కి నూట అరవైలో పోనిచ్చాడంటే, ఏదో ఒక గుంతలో అతుకు విడిపోతుంది. అక్కకి వీడొక్కడే. నిజం చెబితే పరువూ షెడ్డూ పోతాయి. చెప్పకపోతే పిల్లాడు పోతాడు.

“ఇక్కడ చెయ్యి పెట్టి చూడు,” అన్నాడు, ఇంకో దారి దొరుకుతుందేమోనన్న ఆశతో.

మేనల్లుడు మోకాళ్ల మీద కూర్చుని తడిమాడు. “ఏముంది? కాస్త గరుకుగా ఉంది. నిజం చెప్పు మామయ్యా, ఎలాగైనా చెడగొట్టమని అమ్మ చెప్పింది కదూ?”

“మీ అమ్మకి నేనిక్కడికి వచ్చినట్టే తెలియదు.”

“అయితే నేను కారు కొంటుంటే నీకే కడుపుమంట.”

మేస్త్రికి చురుక్కుమంది. వీడి మొదటి సైకిలుకి పెడల్ బిగించిన చేతులివి.

“మీ మామయ్య దగ్గర ఆధారం లేదు బాబూ,” అన్నాడు అమ్మే మనిషి, మేస్త్రి మొహం మీద నుంచి చూపు తిప్పకుండా. “సంతకం పెట్టేయండి. సాయంత్రం హైవే మీద ఓ రౌండు వేస్తే బండి సంగతి మీకే తెలుస్తుంది.”

పెన్ను కాగితానికి ఆనింది. మేస్త్రి చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“దీన్ని అతికించింది నేనేరా.”

“దేన్ని?”

“ఈ బండిని. వెనక సగం చెట్టుకి గుద్దుకున్న బండిది. ముందు సగం వేరే బండిది. నడుం దగ్గర నేనే కలిపాను. వేగం తట్టుకోదు, విరుగుతుంది.”

“తెలిసే చేశావా?”

“తెలిసే చేశాను. ఎవరెక్కుతారో ఆలోచించలేదు.”

మేనల్లుడు కాగితాలు నిలువునా చింపేశాడు. మామయ్య మొహం చూడలేదు. అయినా మేస్త్రికి గుండెల మీద బరువు దిగినట్టయింది. షెడ్డు పోతే పోయింది, పిల్లాడు దక్కాడు. ఇక ఈ పెద్దమనిషి ఎన్ని తిట్టినా పడదామని అటు తిరిగాడు.

ఆ మనిషి తిట్టలేదు. వెళ్లి గ్యారేజీ షట్టరు కిందికి లాగి లోపల నుంచి తాళం వేశాడు.

“మా తమ్ముడి కారులాంటిదే కదా అని దీన్ని కొన్నాను మేస్త్రీ గారూ. ఓ రోజు డాష్‌బోర్డు విప్పితే లోపల వాడి చేతిరాత కనబడింది. ఆ డాష్‌బోర్డు ఎక్కడో కొని బిగించి ఉంటారు, బండిలో మాత్రం అతుకే లేదన్నారు పోలీసులు. అందుకే అమ్మకానికి పెట్టాను, కొనేవాళ్ల వెంట మెకానిక్కులు వస్తారని. ఏడాదిలో పదమూడు మంది మెకానిక్కులు చూశారు. అందరూ అతుకు లేదన్నారు. అతికించినవాడు తప్ప ఇంకెవరూ కనిపెట్టలేరని అప్పటికి అర్థమైంది.”

స్టూలు లాగి మేస్త్రి ముందు వేశాడు. “కూర్చోండి. ఆ ముందు సగం మీ షెడ్డుకి ఎలా వచ్చింది?”

“బండిని తోలుకునే వచ్చారు,” అన్నాడు మేస్త్రి. “వెనక నలిగింది, అంతే. తెచ్చినవాడి పేరు అడగలేదు. మా పనిలో అడగం.”

“మొహమైనా గుర్తు తెచ్చుకోండి,” అన్నాడతను. “ఆ కారులో ఆఫీసుకని బయల్దేరిన మా తమ్ముడు మూడేళ్లయినా ఇంకా ఇంటికి రాలేదు.”