మూడో ప్లేటు

"గిదేనా, సూడు?" అంటూ ఏసుపాదం గ్రామఫోను మీద మూడో ప్లేటు పెట్టాడు.

అతనూ భార్య బుచ్చమ్మా సూర్యాపేట మిషను బంగళాలో వంటవాళ్లు. కిందటేడు కలరాతో పోయిన వాళ్ల బిడ్డ రూతుకు బంగళా దొరసానే పియానో నేర్పింది. ఇప్పుడామె సముద్రం దాటి సీమకు వెళ్లిపోతోంది. రూతు నేర్చుకుంటూ వచ్చిన పాటనే ముగ్గురు విద్వాంసులు వాయించిన ప్లేట్లు ముందు పెట్టి, నచ్చినదాన్ని గ్రామఫోనుతో సహా తీసుకొమ్మంది.

బుచ్చమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇది గూడ కాదు. అందరు ఉరుకుతున్నరు. నా బిడ్డది గిట్ల లేకుండె."

"వాళ్లు పెద్ద పెద్దోళ్లు. చిన్నపొల్ల లెక్క వాయిస్తరా?"

అంతలో గ్రామఫోనుకు ఇచ్చిన కీ తగ్గింది. పాట నెమ్మదించింది. ఒక్కో స్వరం తర్వాతిదాన్ని వెతుక్కుంటున్నట్టు ఆగి ఆగి పడింది. ఏసుపాదం కీ తిప్పబోయాడు.

బుచ్చమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "జర ఆగు. రూతు గిట్లనే వాయిస్తుండె."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. పాట సగంలోనే ఆగిపోయింది.

ఏసుపాదం మళ్లీ కీ మీద చెయ్యి వేశాడు. "ఇగ తిప్పాల్నా?"

"వద్దు," అంది బుచ్చమ్మ. "బిడ్డకు గింతవరకే వచ్చు."