బండి కదిలితే చాలు

“కదలదేంటి బావా?”

“గేరు వేశాను కదరా!”

“వేశావు సరే. బండికి చెప్పావా?”

ఇంజను వీధి చివరిదాకా వినపడేలా అరుస్తోంది. లివరు డి మీదే ఉంది. ఆ ఇంటి వాకిట్లోని పికప్ మాత్రం అలిగిన అల్లుడిలా అంగుళం కూడా జరగలేదు.

వాళ్ళిద్దరూ దొంగలు. మెకానిక్ షెడ్డు మూతపడ్డాక ఈ వృత్తిలోకి దిగారు. ఇంతవరకూ ఒక్క బండినీ ఎత్తుకుపోయిన పాపాన పోలేదు. సాయంత్రంలోగా పికప్ తెస్తే కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఇవాళ కూడా ఉత్త చేతులతో వస్తే తలుపు తీసేది లేదని బావ భార్య పొద్దున్నే తేల్చి చెప్పింది. బామ్మర్ది తన తమ్ముడన్న కనికరం కూడా చూపించలేదు.

“ఎవరు నాయనా?”

వరండాలో ఓ మామ్మ నిలబడి ఉంది. బావ గుండె జారి చెప్పుల్లో పడింది.

“మె... మెకానిక్కులం మామ్మా. మీ అమ్మాయి పంపింది.”

“పంపిందా! బంగారుతల్లి! వచ్చేవారం దీన్ని తుక్కుకి వేసేస్తానని కూర్చుంది నాయనా. ఇది కదిలితే నా మొక్కల వ్యాపారం మళ్ళీ మొదలెడతాను. కదలకపోతే నేనూ దీనిలాగే ఓ మూల పడుండాలి. సాయంత్రం అమ్మాయి వచ్చేలోగా చేసిపెట్టండి, మీకు పుణ్యముంటుంది.”

ఇలా అని మామ్మ వెళ్ళి గేటుకి తాళం వేసింది. కుక్కలు దూరుతున్నాయట.

బామ్మర్ది గేరు ఆయిలు పుల్ల లాగి చూశాడు. నూనె తారులా ఉంది. మాడిన వాసనకి ఓ కాకి గోడ మీంచి లేచి వేరే ఊరు వెళ్ళిపోయింది.

“గేరుబాక్సు పోయింది బావా. వదిలేసి పోదాం.”

“మీ అక్కకి నువ్వు చెప్తావా?”

బామ్మర్ది ఒక్క క్షణం ఆలోచించి స్పానర్ తీశాడు.

చిక్కేమిటంటే, ఆ మోడలు పికప్‌లకి రెండు రకాల ఆటోమేటిక్ గేరుబాక్సులు వచ్చాయి. పైకి కవలల్లా ఉంటాయి గానీ ఒకదాని బదులు ఇంకోటి ఎక్కదు. తలుపు మీద ఏ రకమో చెప్పే స్టిక్కరు ఎండకి వెలిసి తెల్లకాగితమైపోయింది. బావ బండి కిందకి దూరాడు.

“అడుగున నూనె ట్రే చూడాలిరా. నాలుగు పలకలుగా ఉంటే ఒక రకం. ఓ మూల కోసినట్టుంటే రెండోది.”

మామ్మ పాత క్యాలెండరు కాగితం తెచ్చిచ్చింది. దాన్ని జిడ్డోడుతున్న ట్రేకి అదిమి తీస్తే, మూల కోసిన అచ్చు శుభ్రంగా పడింది. పక్కనే బావ ముక్కు అచ్చు కూడా పడింది.

మామ్మ గేటు తీశాక, బావ మోటారు సైకిలు మీద తుక్కు యార్డుకి వెళ్ళారు. అక్కడ ఆ కాగితం పట్టుకుని, పిల్లాడి పాదం కొలతతో చెప్పులు వెతికినట్టు, ప్రతి గేరుబాక్సు అడుక్కీ పెట్టి చూశారు. గుట్ట అడుగున ఉన్నదానికి అతికినట్టు సరిపోయింది. వెనక షాఫ్టు పొడవు, వైర్ల ప్లగ్గు కూడా కలిశాయి. యార్డువాడు అప్పివ్వనన్నాడు. బావ తన మోటారు సైకిలు తాళం తీసి వాడి చేతిలో పెట్టాడు.

“బావా! ఉన్న ఒక్క బండీ!”

“పోతే పోనీరా. పికప్ వస్తోంది కదా!”

యార్డువాడి ట్రాలీలో తిరిగొచ్చేసరికి మామ్మ షెడ్డు తెరిచి పెట్టింది. లోపల జాకీలు, స్టాండ్లు, గొలుసు కప్పీ, నూనె పట్టే తొట్టి కూడా ఉన్నాయి.

“మా పాత షెడ్డులో కూడా ఇన్ని లేవు మామ్మా!”

“ఎవరెవరో మర్చిపోయి వెళ్ళారు నాయనా. వాడుకోండి.”

ఇక యుద్ధం మొదలైంది. షాఫ్టు ఊడింది, వైర్లు ఊడాయి, గొట్టాలు ఊడాయి. పాత గేరుబాక్సు దిగుతూ దిగుతూ బామ్మర్దికి తలంటు పోసింది. కొత్తదాన్ని జాకీ మీద పైకెత్తి ఇంజనుకి ఆనించారు. బోల్టు రంధ్రాలన్నీ ఒకదానికొకటి ఎదురొచ్చాయి. బావ కళ్ళు చెమర్చాయి.

“ఏడుస్తున్నావా బావా?”

“కంట్లో ఆయిలు పడిందిరా. బోల్టు ఇవ్వు.”

కొత్త నూనె పోశారు. బావ స్టీరింగు ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, లివరు డి మీదకి లాగాడు. పికప్ వెన్న మీద జారినట్టు కదిలింది. రివర్సు వేస్తే వెనక్కొచ్చింది. బామ్మర్ది టాపు మీద తట్టి ఈలేశాడు. మామ్మ చప్పట్లు కొట్టింది. జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిచేసిన ఆ ఇద్దరూ, కాసేపు తాము దొంగలమన్న సంగతే మర్చిపోయారు.

ముందు గుర్తొచ్చింది బావకే.

“గేటు తియ్యండి మామ్మా. రోడ్డు మీద ఓ రౌండు వేసి చూస్తాం.”

“తీస్తా నాయనా. మా అల్లుడు సందు మలుపులో ఉన్నాడట, వాణ్ణి కూడా ఎక్కించుకోండి. ఆ పోలీసు జీపులో తిరిగి తిరిగి పాపం వాడి నడుం పట్టేసింది.”

బావ దిగాడు. దిగినవాడు ఆగలేదు. అతను వెనక గోడ ఎక్కేసరికే బామ్మర్ది అవతలి వీధిలో ఉన్నాడు.

“బావా, టూల్ బ్యాగు!”

“బతికుంటే కొనుక్కుందాం, పద!”

మామ్మ తీరిగ్గా బ్యాగు తీసి షెడ్డులో పెట్టింది. గేటు తెరిచి, చీర చెంగు దోపుకుని, స్టీరింగు పట్టింది. వీధి వీధంతా వాకిళ్ళలోకొచ్చి చూస్తుండగా రాణీగారిలా ఓ రౌండు కొట్టి, బండిని తెచ్చి మళ్ళీ అక్కడే ఆపింది.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. “మామ్మా, మీ అల్లుడు పోలీసంటున్నారేంటి? బట్టల కొట్టు కదా?”

“బట్టల కొట్టే.”

“అమ్మో! అయితే ఆ గోడ దూకినవాళ్ళు... గేటుకి తాళం వేసేస్తానుండండి!”

“వద్దు తల్లీ, టైర్లు మార్చే దొంగలు ఇంకా రాలేదు.”