నాయనను పిలుచుకొని రా

ప్రిన్సిపాలు గదిలో చేతులు కట్టుకొని నిలబడటం జట్కా ఓబన్నకు ఇది రెండోసారి.

మొదటిసారి నెల కిందట. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. ఊరినిండా డేరాలు, ఆఫీసర్లు, క్షణం తీరిక లేని జట్కాలు. ఆ సందట్లోనే ఇంటర్మీడియట్ చదివే దేవేంద్రప్ప వచ్చి ఓబన్న కాళ్ళు పట్టుకున్నాడు. నూటికి డెబ్బై ఐదు హాజరు లేకపోతే మార్చి పరీక్షకు పంపరు. ఏడాది గంగపాలు. తండ్రి స్వయంగా వచ్చి పూచీ పడితే మాత్రం ప్రిన్సిపాలు చూసీ చూడనట్టు పోతాడు.

"మా నాయన ఆలూరు నుంచి వచ్చినాడంటే నా కాళ్ళిరగ్గొట్టి చేన్లో మడక పట్టిస్తాడు. ఒక్కపూట నువ్వే మా నాయన అనిపించుకోప్పా!"

ఓబన్న మనసు వెన్న. పైగా ఊర్లో నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు. ఎవరికీ చెప్పనని మంత్రాలయం స్వామి మీద ఒట్టేశాడు. దేవేంద్రప్ప తెచ్చిన జరీ కండువా భుజాన వేసుకొని ఇదే గదిలో అదరగొట్టాడు. తిట్టాడు, కొట్టబోయాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రిన్సిపాలే కుర్చీ వేయించి ఓదార్చాడు. బయటికొచ్చి ఎంత మురిసిపోయాడో మహానుభావుడు!

ఈరోజు పక్కన నిలబడింది సుంకప్ప. గ్రూపు వేరైనా తంటా ఒకటే. రావడం ఓబన్నకు సుతరామూ ఇష్టం లేదు. ప్రిన్సిపాలు గుర్తుపడితే ఏం గతి? కానీ సుంకప్పది స్కాలర్‌షిప్పు చదువు. ఈ ఏడు పోతే అదీ పోతుంది, చదువు అంతటితో సరి. రాక తప్పలేదు. చలిజ్వరంతో పడి లేచిన ఒళ్ళు, చిరుగు చొక్కా. ఈసారి కండువా ఇచ్చేవాళ్ళు కూడా లేరు.

"నీ కొడుకు క్లాసు ఎగ్గొట్టి బజార్లో జట్కా మీద పోతుంటే నేనే కళ్ళారా చూశాను. ఏం చెబుతావయ్యా?" అన్నాడు ప్రిన్సిపాలు.

ఓబన్నకు ఆ రోజు ధారగా వచ్చిన మాటల్లో ఈరోజు ఒక్కటీ రాదే! దొంగ ఏడుపైనా రాలేదు.

"తప్పయిపోయింది సార్. ఈ ఒక్కసారికి..."

ప్రిన్సిపాలు కళ్ళద్దాలు సర్దుకొని ఎగాదిగా చూశాడు.

"నువ్వు దేవేంద్రప్ప తండ్రివి కదూ?"

ఓబన్న తల వంచుకున్నాడు.

"ఆ రోజు జరీ కండువా, ఈరోజు చిరుగు చొక్కా. వీడికి అద్దె తండ్రిగా వచ్చావా? నెరిసిన తల పెట్టుకొని సిగ్గులేదటయ్యా! లేక ఆ రోజుదే దొంగనాటకమా? అదైతే చెప్పు, దేవేంద్రప్పను కాలేజీలోంచే వెళ్ళగొట్టి, నిన్ను పోలీసులకు అప్పగిస్తాను."

భూమి చీలితే బాగుండు అనిపించింది ఓబన్నకు. ఛీ, ఏం బతుకిది! ఒట్టేసిన నాలుక. ఎటు తిరిగినా ఒక పిల్లోడి నెత్తిన బండ పడేదే. దానికి తోడు పోలీసులన్న మాటకు కాళ్ళు గడగడా వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి ఇంకా సిగ్గేసింది.

సుంకప్ప కూడా చూశాడు ఆ వణుకు.

"ఈయప్పది ఏం తప్పు లేదు సార్. జట్కా స్టాండు కాడ నేనే బతిమాలి పిల్చుకొచ్చినా. ఈయప్పను పోనీండి సార్."

"అంటే నీ తండ్రి కాదన్నమాట?"

"కాదు సార్."

ఓబన్న నోరు తెరిచాడు. అవునని గానీ కాదని గానీ అనలేకపోయాడు.

"ఈ ఏడు నీకు పరీక్ష లేదు. వెళ్ళు," అని ప్రిన్సిపాలు ఇంకో కాగితం అందుకున్నాడు.

ఇద్దరూ గేటు దాటారు. నోరున్న మనిషినై ఉండి ఒక్క మాట అనలేకపోతినే అని ఓబన్న లోపల్లోపల కుమిలిపోయాడు. సుంకప్ప ముఖం చూసే ధైర్యం లేక నేల చూపులు చూస్తూ నడిచాడు.

"ఇంట్లో అమ్మకు మాత్రం చెప్పొద్దు నాయనా," అంటూ సుంకప్ప తన కన్నతండ్రి చెయ్యి పట్టుకున్నాడు.