నీలం ప్యాకెట్, ఎర్ర ప్యాకెట్

"ఎర్ర ప్యాకెట్ తీగలు వేసుకుని రికార్డింగుకి వస్తే నా పరువేం కావాలి?" అంది అక్క.

"నీలం ప్యాకెట్ వేస్తే నా పరువు గంగలో కలుస్తుంది," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తారు. ఇద్దరికీ చెయ్యి బాగా తిరిగింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అదే అసలు చిక్కు.

అక్కకి తీగ మీటగానే ఖంగుమనాలి. అందుకు నీలం ప్యాకెట్ కంపెనీ తప్ప ఇంకోటి పనికిరాదు. తమ్ముడికి స్వరం మెత్తగా, నిండుగా పలకాలి. అది ఎర్ర ప్యాకెట్ వాళ్ళకే చేతనవునని అతని నమ్మకం. మిగతా ఏ విషయంలోనైనా రాజీ పడతారు గానీ ఇందులో మాత్రం ససేమిరా.

మర్నాడే వాళ్ళ మొదటి ఆల్బమ్ రికార్డింగ్.

అందులో మొదటి పాట వాళ్ళది కాదు. ఎక్కడో దూరాన ఉండే ఒక పెద్దాయన ఎప్పుడో కట్టిన బాణీ. ఆ పాట లేకపోతే ఆల్బమే లేదని రికార్డింగ్ కంపెనీ తేల్చి చెప్పేసింది. ఆయన ఇంతవరకు దాన్ని ఎవరికీ ఇచ్చింది లేదు. వ్యవహారాలన్నీ చూసుకునేది అక్క భర్త. పాపం, ఫోన్లోనే ఆయన్ని బతిమాలీ బతిమాలీ అలిసిపోయాడు. చివరికి ఏ సంగతీ ఇవాళ సాయంత్రం చెబుతానన్నారట.

"ఇస్తార్లే. మనకి కాక ఇంకెవరికిస్తారు?" అంది అక్క.

ఆ ఒక్క మాట దగ్గర తమ్ముడు ఆమెతో ఏకీభవించాడు.

అంతలో తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక ముసలాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు.

"నమస్కారం. నేను..."

"తెలుసండీ, తెలుసు. పై వాటా కదా? సౌండ్ గురించేగా?" అంది అక్క.

పై వాటాలో కొత్తగా దిగిన వాళ్ళు, ఈ మోత భరించలేకపోతున్నామని ఇంటి యజమానికి కబురు మీద కబురు పెడుతున్నారు. మనిషిని మాత్రం వీళ్ళింకా చూడలేదు.

ఆయన చిన్నగా నవ్వారు. "సౌండ్ గురించే అనుకోండి. కాసేపు వినొచ్చా?"

తిట్టడానికి వచ్చి వింటానన్న మనిషి అక్కకి భలే నచ్చేశాడు.

"సమయానికి వచ్చారు బాబాయ్ గారూ! మాకో తగువుంది. మీరే తీర్చాలి. ఇలా గోడవైపు తిరిగి కూర్చోండి. ఎవరు వాయిస్తున్నారో చూడకూడదు."

చప్పుడు బయటికి పోకుండా గోడ నిండా గుడ్ల ట్రేలు అతికించి ఉన్నాయి. ఆయన వాటి వంక చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు.

అక్క ఒక తీగ మీటింది. తమ్ముడు తన గిటార్ మీద అదే తీగ మీటాడు.

"ఏది బాగుంది?"

"రెండూ బాగున్నాయి."

"అలా గోడ మీద పిల్లిలా మాట్లాడకండి."

"పోనీ, ఒక పాట వాయించండమ్మా. పాటలో వింటే తెలుస్తుంది."

"పాటలో అస్సలు తెలియదు!" అన్నాడు తమ్ముడు. "మీ ధ్యాసంతా దాని మీదికి పోతుంది. పాట అడ్డం వస్తుందండీ. మీరు తీగ వినాలి."

ఆయన తల ఊపారు.

ఇద్దరి గిటార్లూ వేరు కాబట్టి లెక్కలోకి రాదన్నాడు తమ్ముడు. అక్క గిటార్‌కున్న నీలం తీగలు విప్పి ఎర్రవి ఎక్కించాడు. కొత్త తీగలు ఒక పట్టాన శ్రుతిలో నిలబడవు. లాగడం, బిగించడం, మళ్ళీ లాగడం.

"ఈలోగా ఆ రెండో గిటార్ మీద చిన్న పాటేదైనా..." అన్నారాయన.

"ఉండండి బాబాయ్ గారూ, శ్రుతి కలవనీయండి."

శ్రుతి కలిసింది. తీగ మీటాడు. అక్క గయ్యిమంది.

"నావి వాడిన తీగలు, నీవి కొత్తవి! ఇదెక్కడి న్యాయం?"

మళ్ళీ విప్పారు. కొత్త నీలం ప్యాకెట్ చింపారు.

ఆయన గడియారం చూసుకున్నారు. "నేను వెళ్ళాలమ్మా."

"వెళ్దురుగాని. మెట్లెక్కడమేగా!"

"పోయే ముందు ఒక్కటంటే ఒక్క పాట..."

"ముందు తీర్పు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన లేచి గొడుగు అందుకున్నారు. "ఇద్దరి తీగలూ బంగారమే," అని మెల్లగా బయటికి నడిచారు.

"లౌక్యం తెలిసిన మనిషి," అంది అక్క. "ఇక పై నుంచి ఫిర్యాదు వస్తే ఒట్టు."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తలుపు దడదడలాడింది. చంకలో ఏడుస్తున్న పాపతో ఒకావిడ.

"పై వాటాలో ఉంటాం. మధ్యాహ్నం నుంచీ టంగు టంగుమని ఒకటే మోత! కనీసం పాటైనా వాయించరాదూ? వింటూ పాప నిద్రపోయేది."

"మరి ఇందాక వచ్చినాయన... మీ నాన్నగారు కాదా?"

"మా ఇంట్లో నేనూ పాపా తప్ప ఎవరూ లేరే!"

ఆవిడ విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. తమ్ముడు స్పీకర్ పెట్టాడు.

"చెప్పు బావా."

"పెద్దాయన పాట ఇవ్వనన్నారు," అన్నాడు బావ.

"ఇవ్వరా? మనం ఎలా వాయిస్తామో వినకుండానే?"

"విందామనే కదరా, పొద్దున్నే బండెక్కి అంత దూరం నుంచి మీ గదికే వస్తే, ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఎంత అడిగినా ఒక్క పాటా వాయించలేదట!"