మేక వాసన పోని వ్యాను

గౌడవెల్లిలో యాదగిరి కిరాయికి తిప్పే మారుతి వ్యానును మేక వాసన వదలడం లేదు. సీట్ల మీద వంటసోడా చల్లి ఎండకు పెట్టాడు. నిమ్మచెక్కలతో రుద్దాడు. సాంబ్రాణి పొగ వేశాడు. ఎక్కినవాళ్లు ముక్కు మూసుకుంటూనే ఉన్నారు.

నెల కిందట, జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న కూతురు శ్యామల కోసం మైసమ్మకు మొక్కిన మేకను ఆ వ్యానులోనే గుడికి తీసుకెళ్లాడు. కోసే ముందు పసుపునీళ్లు పోస్తే మేక ఒళ్లు విదిలించాలి. విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ రోజు ఎన్ని నీళ్లు పోసినా మేక రాయిలా నిలబడింది. అంతలో బిడ్డకు ఎక్కువైందని కబురొచ్చింది.

"విదిలించింది, నేను చూసిన. ఇగ కానియ్యిండ్రి" అన్నాడు యాదగిరి.

అతను ఆసుపత్రి చేరేసరికి శ్యామల ప్రాణం పోయింది.

ఇవాళ చీకటి పడ్డాక, ఇక ఏమీ తోచక, ఒక బకెట్ పసుపునీళ్లు కలిపి వెనక సీటు మీద కుమ్మరించాడు.

గడప మీద కూర్చున్న భార్య బాలనర్సమ్మ చాలాసేపు చూసి అడిగింది.

"నిజం జెప్పు. గా దినం మేక విదిలించిందా?"

"విదిలించింది" అన్నాడు, ఆమె వైపు తిరగకుండా.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. సీటు నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే కారుతున్నాయి. కాసేపటికి ఆ చుక్కల చప్పుడూ ఆగిపోయింది.

అప్పుడు ఖాళీ వ్యానులో, చీకట్లో, టపటపా చెవులు కొట్టుకుంటూ ఏదో ఒళ్లంతా విదిలించుకుంది. పసుపునీళ్లు చింది యాదగిరి ముఖం మీద పడ్డాయి.

అతను తుడుచుకోలేదు. తలుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"గిప్పుడా" అన్నాడు ఏడుస్తూ. "గిప్పుడా విదిలించేది?"