తొమ్మిదింతలు

"ముక్క మార్చావు కదూ?" అన్నారు డాక్టర్ బహ్రామ్‌పూర్, తలుపు వేసి మరీ.

గోల్‌నూష్ తెల్లబోయింది. డాక్టరేట్ పట్టా కోసం నాలుగేళ్ళుగా ఆయన దగ్గర పని చేస్తున్న పిల్ల. మెగ్నీషియం కడ్డీని మూలమలుపు తిరిగిన గొట్టంలోంచి మళ్ళీ మళ్ళీ కుక్కి, లోపలి రేణువుల్ని పిండి పిండి చేసింది. అందులోంచి చిన్న ముక్క కోసి, కొలిమి వేడిలో పెట్టి నిదానంగా లాగింది. మామూలు కడ్డీ ముక్కయితే ఎప్పుడో పుటుక్కుమనేది. ఇది తెగకుండా తొమ్మిదింతలు సాగింది.

"మీ పద్ధతే కదా ఉస్తాద్! మీ వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. మీకొచ్చినంతే నాకూ వచ్చింది."

"అదే నా అనుమానం. అచ్చం అంతే ఎలా వస్తుంది? సీసం ముక్క పెట్టి లాగావా?"

"మా అమ్మ మీద ఒట్టు, ఉస్తాద్."

"ఒట్లు నాకొద్దు. నా కళ్ళ ముందు చెయ్యి. రాలేదా, సంతకం పెట్టను. పట్టా మాట మర్చిపో."

చెప్పొద్దూ, ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఇస్ఫహాన్ యూనివర్సిటీలో ఆయన్ని అందరూ తొమ్మిదింతల బహ్రామ్‌పూర్ అనే అంటారు. పదకొండేళ్ళుగా ఆ అంకె మీదే ఆయనకు కుర్చీ, మర్యాద. అలాంటి మనిషి తన ఫలితాన్నే నమ్మనంటే ఏమనుకోవాలి?

"కడుపుమంటమ్మా," అన్నాడు కొలిమి చూసుకునే యదొల్లా, నవ్వాపుకుంటూ. "ఇన్నాళ్ళకి రికార్డుకి వాటాదారు వచ్చిందిగా!"

గురువారం అక్కడ వారాంతపు సెలవు. అయినా ఆయన వచ్చారు. కొత్త కడ్డీని తన ఎదుటే గొట్టంలో కుక్కించారు. కోసిన ముక్కకు రెండు చివర్లా సూదితో తన గుర్తు గీశారు. గది తాళంచెవి జేబులో వేసుకున్నారు. టీతో చప్పరించడానికి నోట్లో పెట్టుకున్న చక్కెర పలుకు కరిగిపోయింది, గ్లాసులో టీ చల్లారింది, ఆయన మాత్రం కుర్చీ వదల్లేదు.

ముక్క సాగింది. పాకం తీగలా సన్నబడుతూనే ఉంది, తెగదు. తొమ్మిదింతలు దాటాక గానీ తెగలేదు.

బయటికి తీసి చివర్లు చూశారు. రెండు గుర్తులూ ఆయనవే. ఆయన నుదుటి నిండా చెమట.

"ఇప్పుడైనా నమ్ముతారా, ఉస్తాద్?" అంది గోల్‌నూష్.

ఆయన సంతకం పెట్టారు. యదొల్లా సంబరంగా గజ్ మిఠాయి పళ్ళెం తెచ్చి చాపితే ముట్టుకోలేదు.

పదకొండేళ్ళ క్రితం ఆ తొమ్మిదింతలను ఆయన రాసింది, ఒక్క ముక్కా లాగకుండా, కొలిమి వెలిగించకుండా, ఇదే కుర్చీలో కూర్చుని టీ తాగుతూ.