తేనెటీగలతో అబద్ధమాడరాదు

"జూన్ కూడా వద్దంటే ఇంకెప్పుడమ్మా?" అంది హెస్టర్, రొట్టెల పిండి పిసకడం ఆపకుండా.

డోర్కస్ వేళ్లు మడిచి నెలలు లెక్క చూసింది. ఇప్పుడు నడుస్తున్నవి ఈస్టరు ముందరి ఉపవాసాలు. ఉపవాసాల్లో పెళ్లి, ఊపిరున్నంత లొల్లి. మే సంగతి పసిపిల్లలకీ తెలుసు. మేలో మనువు, మేలుకు కరువు. ఇక జూన్‌లో గులాబీలు పూసే వేళ పెళ్లాడిన పిల్ల ఏరులు దాటి సముద్రాలు దాటి పోతుందని ఆమె అమ్మమ్మ పాడేది. ఉన్న ఒక్క కూతురూ సముద్రం దాటితే తన గతేం కావాలి?

నిజానికి ఆమె దిగులు నెలల గురించి కాదు, ఏమస్ గురించి. ఇళ్ల కప్పుల మీద గడ్డి పరవడం అతని పని. పొద్దున నిచ్చెనెక్కితే మళ్లీ సాయంత్రమే దిగడం. ఏదో ఒక రోజు దిగడు, పడతాడని డోర్కస్‌కి గట్టి నమ్మకం. ఆ కబురు తెచ్చే మనిషి తలుపు దగ్గర టోపీ తీసి నిలబడడం కూడా ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించేది.

"కుర్రాడు మంచివాడేనే. ఆ ఎత్తే మంచిది కాదు."

"నాన్న నేల మీదే నడిచాడు. జలుబు చేసి పోయాడు."

"అదే నేనూ చెప్పేది. నేలనే నమ్మలేని చోట కప్పుల్ని ఎలా నమ్మను?"

హెస్టర్ పిండిని రెండు గుద్దులు ఎక్కువ గుద్దింది.

తండ్రి వదిలి వెళ్లినవాటిలో ఆపిల్ తోట చివర, ముళ్లకంచె అవతల ఉన్న తేనెపెట్టె ఒకటి. ఇంట్లో ఏం జరిగినా, ఏం జరగబోతున్నా, తాళంచెవితో ఆ పెట్టెను మూడుసార్లు తట్టి ఈగలకు చెప్పాలి. చెప్పకపోతే అవి అలిగి, ఇంటి కలిమిని వెంటబెట్టుకుని ఎగిరిపోతాయి. చెప్పేదీ నిజమే అయి ఉండాలి. తేనెటీగకు నిజం చెప్పు, తప్పితే ఇంటికి ముప్పు. సోమర్సెట్‌లోని ఆ ఊళ్లో పెళ్లానికి అబద్ధాలు చెప్పే మగాళ్లున్నారు, పాదిరిగారికి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈగలకు చెప్పేవాళ్లు మాత్రం లేరు.

డోర్కస్‌ని ఒకసారి ఈగ కుడితే ముఖం వారం రోజులు గుమ్మడికాయలా ఉంది. ఇరవై ఏళ్లుగా ఆమె ముళ్లకంచె దాటి అటు వెళ్లలేదు. పెట్టె మూత తీసి చూసేదీ, శుభ్రం చేసేదీ హెస్టరే. అయితే కంచె ఇవతల నుంచి వినకూడదని ఏ సామెతా చెప్పలేదు కదా. పింగాణీ టీకుండ పగలగొట్టింది పిల్లి కాదు, మొగుడేనని ఆమెకు తెలిసింది అక్కడే.

ఆ సాయంత్రం హెస్టర్ తాళంచెవి తీసుకుని తోటలోకి వెళ్లింది. ఆరిన బట్టలు తీసే నెపంతో డోర్కస్ బుట్ట పట్టుకుని కంచె పక్కన చతికిలబడింది. మూడు చప్పుళ్లు వినిపించాయి.

"వినండర్రా," అంది హెస్టర్. "ఏమస్‌తో నా పెళ్లి జరిగేలా లేదు. అమ్మ ఒప్పుకోదు. బ్రిస్టల్ రేవులో లూక్ అని, ఓడలో బొగ్గు వేసేవాడున్నాడు. కెనడా పోదాం రమ్మంటున్నాడు. జూన్‌లో ఓడ. అమ్మకి చెప్పకుండానే పోతాను. మీరూ చెప్పకండి."

కాస్త గట్టిగానే చెప్పింది. పెట్టె లోపల ఉన్నవాటికి వినబడాలి కదా అనుకుంది డోర్కస్. ఈగల రొద కూడా విన్నట్టే అనిపించింది ఆమెకు. ఆ రొద తన చెవుల్లోదేమో కూడా తెలియలేదు. తుఫాను, మంచుకొండలు, పేలిపోయే బాయిలరు, అన్నీ దాటి కెనడా చేరితే అక్కడ ఎలుగుబంట్లు. కప్పు ఎత్తు మహా అయితే ముప్పై అడుగులు. సముద్రానికి అడుగే లేదు. కప్పు మీంచి పడ్డవాణ్ని కనీసం మన ఊరి గుడి పక్కన పూడ్చుకోవచ్చు.

తెల్లవారగానే ఆమె పిండిమర దగ్గరికి వెళ్లి, దాని కప్పు మీద గడ్డి పరుస్తున్న ఏమస్‌ని కిందికి పిలిచింది. "దిగు నాయనా, రెండు చేతులా పట్టుకుని దిగు." అతని కాళ్లు నేలకు తగిలాక పెళ్లి ఏప్రిల్‌లోనే అని చెప్పేసింది. ఏప్రిల్ మనువు, ఇద్దరికీ ఆదరువు.

"ఈ సామెత మొన్నటిదాకా లేదే అత్తయ్యా," అన్నాడు ఏమస్.

"మొన్న నువ్వు ఏప్రిల్ గురించి అడిగావా?"

పాదిరిగారు మూడు ఆదివారాలు వరసగా గుళ్లో పెళ్లి ప్రకటన చదవాలి. మూడూ ఒకే ఆదివారం చదివేస్తే దేవుడేమైనా అనుకుంటాడా అని డోర్కస్ అడిగింది. అనుకుంటాడన్నాడాయన. ఆ మూడు వారాలూ ఆమె కూతురి బూట్లు తన మంచం కింద పెట్టుకుని పడుకుంది. ఇంత తొందరేమిటమ్మా అని హెస్టర్ ఒకసారి అడిగి, తర్వాత బుద్ధిగా తల వంచుకుని, సరే నీ ఇష్టం అంది. పాపం, ఓడవాణ్ని తలుచుకుంటోంది కాబోలని తల్లి మనసు కొంచెం కలుక్కుమంది కూడా.

ఏప్రిల్ ఆఖరి బుధవారం పెళ్లయిపోయింది. అత్తవారింటికి బండెక్కుతూ హెస్టర్ తల్లి చెవిలో, ఈగలకు రేపు నేనొచ్చి చెబుతాను, నువ్వు అటు వెళ్లకు, కుడతాయి అని మరీ మరీ చెప్పింది.

రేపటిదాకా ఎవరాగుతారు? ఈలోపు అవి అలిగితే? డోర్కస్ కిటికీ తెర ఒకటి తలకు చుట్టుకుంది. పెళ్లి కేకు ముక్క, తెల్ల రిబ్బను, తాళంచెవి తీసుకుని కంచె దాటింది. మూడుసార్లు తట్టింది.

"హెస్టర్ పెళ్లయిందమ్మా," అంది గొంతు తగ్గించి. "ఏమస్‌తోనే. ఆ లూక్ మాట మీరు మనసులో పెట్టుకోకండి."

జవాబు లేదు. మళ్లీ తట్టింది. చప్పుడు లేదు. అయ్యో, అప్పుడే అలిగాయేమోనని, కళ్లు సగం మూసుకుని మూత బెత్తెడు ఎత్తి చూసింది.

పెట్టెలో ఈగల్లేవు, చలికాలం నుంచీ ఎలుకలే కాపురముంటున్నాయి.